పొమ్మనేవాళ్ళు లేని చోటు

(నందికొట్కూరులో ఉపాధ్యాయులు, గ్రంథాలయ పాఠకులు కలిసి ఏర్పాటు చేసుకున్న ఒక సాయంత్రపు సభలో విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. అందులో సగమైనా మా ఆవిడ వినుంటే బాగుండేది. ఆమె రాలేదు. సరే, కానివ్వండి.

"ఇల్లంటే ఎవరికి ఏమిటి" అనేది నాకిచ్చిన అంశం. ఇది కవులకు ఇవ్వవలసిన అంశం. వాళ్ళయితే అమ్మ చేతి ముద్ద, పెరట్లో బావి, వెన్నెల్లో నులకమంచం, ఇలా మొదలుపెట్టి మిమ్మల్ని ఏడిపించి పంపిస్తారు. నేను లెక్కల మాస్టారిని. ఇంటి గురించి నాకు తెలిసిందల్లా ఇంటింటికీ తిరిగి తెలుసుకున్నదే. బడి పిల్లల కోసం తిరిగాను, ఓటర్ల జాబితా కోసం తిరిగాను, అన్నింటికంటే ఎక్కువగా జనాభా లెక్కల కోసం తిరిగాను. ఇక్కడ కూర్చున్న కుర్ర మాస్టార్లకు, టీచరమ్మలకు ఆ అనుభవం ఇంకా లేదు. ఎందుకు లేదు? 2011 తర్వాత జనగణన జరగలేదు కాబట్టి. 2021లో జరగవలసింది కోవిడ్‌తో ఆగిపోయింది. ఇప్పుడు ఇళ్ళ జాబితా పని 2026లో, మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో అన్నారు. ఈసారి కాగితాలుండవట, అంతా ఫోనులోనే. కాగితమైతేనేమి, ఫోనైతేనేమి, గడప ముందు నిలబడి అడగవలసింది మీరే. అందుకని ఈ సాయంత్రం ఇంటి గురించి నేను చెప్పేదాన్ని సగం ప్రసంగం అనుకోండి, సగం శిక్షణ తరగతి అనుకోండి. టీఏ, డీఏలు మాత్రం లేవు.

ముందు ప్రభుత్వాన్నే అడుగుదాం. అయ్యా, ఇల్లంటే ఏమిటి? జనగణనలో దానికి జవాబుంది. ఒక కట్టడం గానీ, కట్టడంలో కొంత భాగం గానీ, దానికంటూ విడిగా ఒక ప్రధాన ద్వారం ఉంటే అది ఒక ఇల్లు. రోడ్డు మీది నుంచో, ఉమ్మడి వాకిలి నుంచో, మెట్ల మీది నుంచో లోపలికి వెళ్ళడానికి వేరే దారి ఉండాలి. అంతే. లోపల మనుషులు ఉండాలని కూడా లేదు. దుకాణమూ ఇల్లే, బడీ ఇల్లే, తాళం వేసిన గోడౌనూ ఇల్లే. నంబరు పడుతుంది.

మరి కుటుంబం అంటే? ఇక్కడ ప్రభుత్వం చాలా తెలివైన పని చేసింది. పెళ్ళి అడగలేదు, రక్తసంబంధం అడగలేదు, ఆస్తి అడగలేదు. పొయ్యి అడిగింది. మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటగదిలో వండినది తినేవాళ్ళు ఒక కుటుంబం. బంధువులే కానక్కరలేదు. నలుగురు కుర్రాళ్ళు గది తీసుకుని కలిసి వండుకుంటుంటే వాళ్ళు ఒక కుటుంబం. ఒకే మిద్దె కింద అన్నదమ్ములిద్దరు రెండు పొయ్యిలు పెట్టుకుంటే రెండు కుటుంబాలు. మన పల్లెల్లో ఇది ఎప్పుడో ఉన్నదే కదా! "వాళ్ళు వేరు పడ్డారు" అంటే ఏం చేశారని? గోడ తర్వాత కడతారు. ముందు పొయ్యి వేరు పెడతారు.

చెప్పడానికి ఇది సులువే. గడప ముందు నిలబడ్డాక తెలుస్తుంది కష్టం. ఒక ఊళ్ళో ఒక పెద్దాయన. ముగ్గురు కొడుకులు. ఇల్లు ఆయన కట్టిందే. ముగ్గురూ భాగాలు పంచుకున్నారు. ఆయనకు వసారా మిగిలింది. అన్నం మాత్రం వంతులవారీగా, నెలకొక కొడుకు ఇంట్లో. ఇప్పుడు చెప్పండి, ఈయన ఏ కుటుంబం? రూలు ప్రకారం ఆ నెల ఎవరి పొయ్యి మీది అన్నం తింటున్నాడో ఆ కుటుంబం. నేనడిగితే పెద్దాయన ఏమన్నాడో తెలుసా? "ఈ నెల ముప్పయి రోజులా, ముప్పయ్యొకటా మాస్టారూ?" అన్నాడు. నవ్వకండి. ఆ ముప్పయ్యొకటో రోజు కోడళ్ళ మధ్య పంచాయితీ పెట్టేది. ఫిబ్రవరి ఎవరి వంతుకొస్తే వాళ్ళది అదృష్టం.

ఇల్లు కట్టినవాడు ఆయన. గోడల్లో ఆయన చెమట ఉంది. కానీ ఆ ఇంట్లో ఆయన అతిథి. అతిథి కూడా కాదు, అతిథిని నెలాఖరుకు లెక్క చూసి పంపించరు. ఇల్లు ఎవరి పేరున ఉంది, ఎవరు కట్టారు అనే లెక్కలు నాకప్పుడే పనికిరానివైపోయాయి. ఆ ఊరి నుంచి వచ్చాక నాకొక కొలత దొరికింది. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్ళినా దాంతోనే కొలుస్తున్నాను. "ఇక్కణ్ణుంచి మిమ్మల్ని పొమ్మనగలిగేది ఎవరు?" ఇదే ప్రశ్న. ఫారంలో ఉండదు, మీరు అడగనూ కూడదు. మనసులో ఉంచుకోండి. ఇళ్ళన్నీ వేరేగా కనిపిస్తాయి.

అద్దెకున్నవాళ్ళ సంగతి వేరే చెప్పాలా? హైదరాబాదులో మన పిల్లలు గది వెతుక్కుంటుంటే పెళ్ళయిందా, మాంసం తింటారా, మీరేమిట్లు అని అడుగుతారు. చివరి ప్రశ్న నేరుగా అడగరు, ఇంటి పేరు అడుగుతారు. ఇది మీకందరికీ తెలిసిందే, దీని మీద ఆగను.

మన పడమటి వైపు చూడండి. కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఆలూరు. వాన లేకపోతే అక్కడ ఊళ్ళకు ఊళ్ళే లారీలెక్కుతాయి. సుగ్గికి పోయారంటారు. గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయ కోతలకు, పత్తి తీయడానికి. బియ్యం, సామాను, పిల్లలు, ఒక్కోసారి కోళ్ళతో సహా. ఊళ్ళో ముసలివాళ్ళు ఉంటారు, సీజనల్ హాస్టల్లో కొందరు పిల్లలు ఉంటారు. ఇప్పుడు గుర్తు చేసుకోండి. 2011లో మనుషుల లెక్క ఎప్పుడు జరిగింది? ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. మిరపకోతలు జోరుగా సాగేదెప్పుడు? సరిగ్గా అప్పుడే! రూలేమిటంటే, ఆ ఇరవై రోజుల్లో ఒక్కసారైనా సొంత ఊళ్ళో ఉంటే అక్కడ లెక్క. మొత్తం ఇరవై రోజులూ లేకపోతే ఎక్కడ ఉంటే అక్కడ లెక్క. అంటే కోసిగి మనిషి పల్నాటి చేను గట్టు మీద, మూడు రాళ్ళ పొయ్యి పక్కన లెక్కకు రావాలి. అక్కడి ఎన్యుమరేటరు, అంటే లెక్క రాసే మాస్టారు, ఆ చేను దాకా నడిచి వెళితే వస్తాడు, వెళ్ళకపోతే రాడు. మీ అందరికీ ఇదే నా మొదటి విన్నపం. వెళ్ళండి. చేల గట్ల మీదికి వెళ్ళండి.

అలా గట్టు మీద ఉన్న ఒకామెను "మీ ఇల్లెక్కడమ్మా" అంటే ఊరి పేరు చెప్పింది. "అక్కడెన్నాళ్ళుంటారు?" అంటే కాసేపు ఆలోచించి, "ఉగాదికి పోతాం, పీర్ల పండక్కి పోతాం, ఎవరన్నా పోతే పోతాం" అంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఉండని చోటది. ఉన్న చోటేమో ఇల్లు కాదు. ఎందుకు కాదు? కోత అయిపోగానే రైతు ఇక బయలుదేరండి అంటాడు. సొంత ఊళ్ళో ఆ మాట అనేవాళ్ళు లేరు. తాళం వేసి ఉన్నా అది వాళ్ళ ఇల్లే.

ఇక అసలు విషయానికి వస్తాను. నందికొట్కూరులో నిలబడి ఇంటి గురించి మాట్లాడుతూ ముంపు గురించి మాట్లాడకపోతే నన్ను మీరు ఇంటికి పోనివ్వరు. ఇక్కడున్న పెద్దవాళ్ళలో ఎందరి ఊళ్ళు నీళ్ళలో ఉన్నాయో నాకు తెలుసు.

పిల్లలకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. ఆ గీత కిందికి వచ్చిన ఊళ్ళు కృష్ణకు అటూ ఇటూ, కర్నూలు జిల్లాలో, మహబూబ్‌నగర్ జిల్లాలో, వందకు పైగా. ఇళ్ళు వదిలిన జనం లక్షకు దగ్గర. 1981లో కూల్చివేతలు జరిగాయి. నీళ్ళు వచ్చేలోగా జనం కదలాలి కాబట్టి ఇళ్ళే లేకుండా చేశారు. ఇల్లుంటే మనిషి కదలడు. ఇది ప్రభుత్వానికి బాగా తెలుసు.

పరిహారం ఇచ్చారు. ఏ చట్టం కింద? 1894 నాటి భూసేకరణ చట్టం. తెల్లదొరలు రాసింది. దాని ప్రకారం భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ళకు డబ్బు. ఇంటికి విలువ ఎలా కట్టారు? గోడ ఎంత పొడవు, ఎంత మందం, మట్టిదా రాతిదా, ఎన్నేళ్ళది. పాతబడిన ఇంటికి విలువ తగ్గుతుంది. మీరు గమనించారా? కట్టి వందేళ్ళయిన ఇంట్లో మూడు తరాలు పుట్టి పోయి ఉంటే, లెక్కలో ఆ ఇల్లు దాదాపు సున్నా. ఎంత ఎక్కువ కాలం ఉంటే అంత తక్కువ. నేను లెక్కల మాస్టారిని, తరుగుదల అంటే నాకు తెలియనిది కాదు. కానీ ఈ లెక్క నాకెప్పుడూ కుదరలేదు.

మరి పేరు లేనివాళ్ళు? పాలేర్లు, చాకలివాళ్ళు, మంగలివాళ్ళు, చేపలు పట్టుకునేవాళ్ళు. ఊరు ఉంటే వాళ్ళకు బతుకుంది. ఊరు పోతే వాళ్ళ పేరున ఏముంది గనక పరిహారం? సొంత భూమి లేకపోయినా అక్కడ మూడేళ్ళుగా కూలో, కౌలో చేసుకుని బతుకుతున్న కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబంగా లెక్కించాలని చట్టంలోకి ఎక్కడానికి 2013 దాకా పట్టింది. 1894 నుంచి 2013. తీసివేత మీరే చేసుకోండి. మన శ్రీశైలం వాళ్ళకు దక్కింది 1986లో వచ్చిన 98వ నంబరు జీవో. ఇల్లు పోయిన కుటుంబానికి ఒక ఉద్యోగం అన్నారు. ఆ జీవో కాగితం పట్టుకుని తిరిగినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. నేనేమీ చెప్పనక్కరలేదు.

మా పెద్దమ్మవాళ్ళది అలాంటి ఊరే. మట్టిమిద్దె. దూలాలు, దంతెలు, పైన చౌడు మన్ను, వెలుతురుకు గవాక్షం. వాన కురిసే ముందు మిద్దె మీద మన్ను తొక్కడం మా సెలవుల పని. ఊరు ఖాళీ చెయ్యాలన్నప్పుడు అందరూ చేసినట్టే వాళ్ళూ దూలాలు ఊడదీశారు, ద్వారబంధం ఊడదీశారు, ఎద్దుల బండి మీద వేసుకుని వచ్చారు. కొత్త చోట గోడలు లేపారు. పాత ద్వారబంధం పొట్టిది, కొత్త గోడ ఎత్తుది. మేస్త్రీ వద్దన్నాడు. పెద్దమ్మ వినలేదు. ఆ పొట్టి ద్వారమే పెట్టించింది. కోడళ్ళు, మనవళ్ళు ఎత్తరులు. వచ్చినవాడికల్లా తల తగిలేది. "వంగి రా నాయనా, ఇది మన ఊరి వాకిలి" అనేది. తల నిమురుకుంటూ లోపలికి వెళ్ళేవాళ్ళం.

సరే, దేవుడి సంగతి చూద్దాం. కూడవెల్లిలో సంగమేశ్వరుడి గుడి ఉండేది, చాళుక్యుల నాటిది, కృష్ణా తుంగభద్రలు కలిసే చోట. అది కూడా ముంపులోకి వచ్చింది. దాన్నేం చేశారు? రాయి రాయి విప్పి తీసుకెళ్ళి అలంపురంలో మళ్ళీ కట్టారు. వెళ్ళి చూడండి, చక్కగా ఉంది. నాగార్జునసాగర్ కట్టినప్పుడూ అంతే. నాగార్జునకొండ లోయలోని బౌద్ధ కట్టడాలను కొండ మీదికి, అనుపు దగ్గరికి తరలించి నిలబెట్టారు. మంచి పని. చేసినవాళ్ళకు దండం పెట్టాలి. నాకు గుడి మీద కోపం లేదు, బుద్ధుడి మీద అసలే లేదు. ఒక్కటే అడుగుతున్నాను. రాళ్ళను ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో చూసి మళ్ళీ పేర్చగలిగిన ప్రభుత్వానికి, ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉండేదో చూసి జనాన్ని మళ్ళీ కూర్చోబెట్టడం ఎందుకు చేతకాలేదు? ఒక ఊరి జనం నాలుగు దిక్కులకు పోయారు. పక్కింటి మనిషి చచ్చిపోతే ఆరు నెలలకు తెలిసింది. ఇల్లంటే నాలుగు గోడలే అయితే పరిహారంతో అది తిరిగి రావాలి. పక్కింటి మనిషికి పరిహారం ఎక్కడుంది?

మన ముచ్చుమర్రి వైపు సప్తనదుల సంగమేశ్వరం గుడి మాత్రం కదలలేదు. వేపకర్ర లింగం. ఏడాదిలో చాలా నెలలు నీళ్ళలో ఉంటుంది, మట్టం తగ్గితే తేలుతుంది, జనం వెళ్ళి పూజలు చేస్తారు. దాని గురించి పేపర్లో ఏటా ఫోటో వేస్తారు. ఫోటో వెయ్యని సంగతొకటి ఉంది. మట్టం తగ్గినప్పుడు తేలేది గుడి ఒక్కటే కాదు. పొలాలూ తేలతాయి. పాత ఊళ్ళ వాళ్ళు కొందరు అప్పుడు దిగి, బురద ఆరీ ఆరకముందే అక్కడ పైరు వేస్తారు. పరిహారం తీసుకున్నారు కదా, చట్టం ప్రకారం ఆ భూమి వాళ్ళది కాదు. ఏదో ఒక రోజు నీళ్ళొస్తాయి. ఈలోగా అక్కడ పొమ్మనేవాళ్ళు ఎవరూ లేరు, నీళ్ళు తప్ప.

ఇప్పుడు గోదావరి మీద పోలవరం ముంపు. కోయలు, కొండరెడ్లు. కాలనీల్లో స్లాబు ఇళ్ళు కట్టించారు, వాళ్ళ పాత ఇంటి కంటే గట్టివే. కానీ వాళ్ళ ఇల్లు గోడ దగ్గర ఆగేది కాదు. అడవిలో చింతచెట్టు దాకా, ఏటి దాకా, మేకలు తిరిగే గుట్ట దాకా ఉండేది. స్లాబు కింద మేకను ఎక్కడ కట్టెయ్యాలి? దీన్ని నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఆ వైపున్నారు, వాళ్ళను పిలిపించండి.

ఇక అమ్మలూ, ఇప్పుడు మీ సంగతి. టీచరమ్మలు చాలామంది వచ్చారు, సంతోషం.

జనగణనలో వలస గురించి ఒక ప్రశ్న ఉంటుంది. ఇంతకుముందు ఎక్కడ ఉండేవారు, ఎందుకు వచ్చారు? 2011లో సొంత ఊరు మారినవాళ్ళు దేశంలో 45 కోట్ల పైన. వలస అనగానే మనకు లారీలు, రైళ్ళు గుర్తొస్తాయి. కానీ ఆ 45 కోట్లలో మూడింట రెండు వంతుల మంది ఆడవాళ్ళు. వాళ్ళు చెప్పిన కారణాల్లో అన్నిటికంటే పెద్దది ఏమిటి? పెళ్ళి. ఈ దేశంలో అందరికంటే పెద్ద వలసకూలీలు కోడళ్ళు. వాళ్ళకు రైల్వేస్టేషన్లో శిబిరాలు పెట్టరు. భోజనాలు పెట్టి, అక్షింతలు వేసి పంపుతారు.

వెళ్ళిన చోటు ఆమె ఇల్లేనా? వదిలి వచ్చిన చోటు ఆమె ఇల్లేనా? చట్టాన్ని అడుగుదాం. 1956 హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ అని ఒకటుండేది. మగ వారసులు నివసిస్తున్న ఇంట్లో తన వాటా పంచి ఇమ్మని కూతురు అడగకూడదు, మగపిల్లలు తమంతట తాము పంచుకునేదాకా. పోనీ, ఆ ఇంట్లో ఉండనిస్తారా? దానికీ షరతుంది. పెళ్ళి కాకపోతే ఉండవచ్చు. మొగుడు వదిలేస్తే ఉండవచ్చు. మొగుడితో విడిపోతే ఉండవచ్చు. మొగుడు చనిపోతే ఉండవచ్చు. అంటే పుట్టిన ఇంట్లోకి రావాలంటే ముందు ఆమె బతుకు చెడిపోవాలి! సంతోషంగా కాపురం చేసుకుంటున్న కూతురికి ఆ ఇంట్లో ఉండే హక్కు లేదు. ఇది 2005 దాకా ఉంది. మన రాష్ట్రంలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం 1986లో కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో వాటా తెచ్చింది. దేశంలో మొదట చేసిన రాష్ట్రాల్లో మనది ఒకటి, గర్వంగానే చెప్పుకుందాం. కానీ అప్పటికే పెళ్ళయినవాళ్ళకు వర్తించదన్నారు. మా అక్కకు వర్తించలేదు, మా చెల్లెలికి వర్తించింది. ఒకే తల్లి పిల్లలు.

అత్తింటి వైపు చూస్తే, 2005లోనే గృహహింస చట్టం వచ్చింది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా కాపురం ఉన్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది అని రాశారు. చక్కగా ఉంది కదా? మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు, ఆ ఇల్లు అత్తగారి పేరున ఉంటే కోడలికి ఆ హక్కు వర్తించదంది. మన దేశంలో ఎంతమంది మొగుళ్ళ పేరున ఇళ్ళుంటాయండీ? అత్తమామల పేరునే ఉంటాయి. ఆ తీర్పు సరికాదని అదే కోర్టు చెప్పింది 2020 అక్టోబరులో. పద్నాలుగేళ్ళు పట్టింది. ఈ మధ్యలో పొమ్మంటే పోయినవాళ్ళ సంగతి?

ఇల్లాలే ఇంటికి దీపం అంటాం. మన మాటలు అలాగే ఉంటాయి, ఘనంగా. దీపాన్ని ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు ఆర్పాలో ఎవరు చెబుతారు అన్నది మాత్రం మాట్లాడం.

ఇంతవరకు పొమ్మనడం గురించి చెప్పాను. నా కొలతకు ఒక చిక్కు ఉంది, దాచకుండా చెబుతాను. బాపట్ల దగ్గర స్టువర్టుపురం మీకందరికీ తెలుసు. పేరు వినగానే మీకు సినిమాలు గుర్తొస్తాయి. ఆ ఊరు ఎలా పుట్టింది? 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టమని తెచ్చారు. కొన్ని కులాల్లో పుడితే చాలు, దొంగ కింద లెక్క. ఎరుకలవాళ్ళు ఉప్పు, ధాన్యం అమ్ముకుంటూ ఊరూరా తిరిగేవాళ్ళు. వాళ్ళను పట్టుకొచ్చి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతుల్లో పెట్టి ఒకచోట కూర్చోబెట్టారు. ఇళ్ళిచ్చారు, భూమి ఇచ్చారు, బడి పెట్టారు. వాళ్ళను పొమ్మనేవాళ్ళు ఎవరూ లేరక్కడ. కానీ హాజరు పలకాలి. బయటికి వెళ్ళాలంటే చీటీ కావాలి. ఆ చట్టం పోయేదాకా అంతే. మరి నా కొలత ప్రకారం అది ఇల్లు కావాలి కదా? కాదు. కదలొద్దనేవాళ్ళున్న చోటు కూడా ఇల్లు కాదు. చట్టం పోయినా ఆ ఊరి పేరు చెబితే అద్దెకు గది ఇవ్వరు, ఉద్యోగంలో అనుమానంగా చూస్తారు. ఊరి పేరే జైలైపోయింది వాళ్ళకు. "మీదే ఊరు?" అని మనం ఎంత తేలిగ్గా అడుగుతాం! ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఒక్క క్షణం ఆగేవాళ్ళుంటారని గుర్తుంచుకోండి.

విదేశాల సంగతి రెండు ముక్కల్లో చెప్పి ముగిస్తాను, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఉత్తరాంధ్ర నుంచి బర్మా వెళ్ళినవాళ్ళు అక్కడ రెండు మూడు తరాలున్నారు. 1942లో యుద్ధానికి భయపడి నడిచొచ్చినవాళ్ళు కొందరు. ఉండిపోయినవాళ్ళను 1962 తర్వాత సైనిక ప్రభుత్వం దుకాణాలు లాక్కుని ఓడలెక్కించింది. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. బర్మాలో వాళ్ళను, కోరంగి రేవు పేరు మీద, కోరంగీలనేవారు. ఇక్కడికొస్తే బర్మావాళ్ళన్నారు. ఇప్పటి మన పిల్లలు అమెరికాలో పెద్ద ఇల్లు కొంటారు, ముప్పయ్యేళ్ళ అప్పుతో. ఫోటోలు పంపిస్తారు, మనం చూసి మురిసిపోతాం. హెచ్1బీ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఎన్నాళ్ళు గడువో అడగండి. అరవై రోజులు. ఇంకో ఉద్యోగం దొరకకపోతే, వేరే వీసా కుదరకపోతే బయలుదేరాలి. ఇల్లు వాడిదే, దేశం వాడిది కాదు. కరీంనగర్, జగిత్యాల నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళకు ఆ భ్రమ కూడా లేదు. అక్కడ గదిలో పది మంది, ఇక్కడ ఊళ్ళో రంగుల మేడ. ఆ మేడలో ఆయన ఉండేది రెండేళ్ళకోసారి వచ్చే సెలవుల్లో. నా చిన్నప్పటి స్నేహితుడొకడు అలా వచ్చి, తన ఇంట్లో స్విచ్చులు ఎక్కడున్నాయో పిల్లలనడిగాడు.

మళ్ళీ మన జనగణనకొస్తాను. 2011లో దేశంలో నంబరు పడిన ఇళ్ళు 33 కోట్ల పైన. వాటిలో ఖాళీగా ఉన్నవి 2 కోట్ల 40 లక్షల పైన. ఇందాక చెప్పాను, ఇల్లంటే దుకాణం కూడా లెక్కే, కాబట్టి ఖాళీగా ఉన్నవన్నీ కాపురానికి పనికొచ్చేవని నేననను. ఆ ఏడాదే ఇల్లు లేనివాళ్ళు 17 లక్షల 70 వేల మంది. రోడ్డు పక్కన, సిమెంటు తూముల్లో, వంతెనల కింద, మెట్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండేవాళ్ళు. వాళ్ళను ఫిబ్రవరి 28 రాత్రి ఒక్క రాత్రిలో లెక్కపెట్టాలి. తెల్లారితే ఎక్కడుంటారో తెలియదు. ఎవరో ఒకరు లేవగొడతారు, ఊడ్చేవాళ్ళో, పోలీసులో, గుడి పూజారో. మీకు ఆ డ్యూటీ పడితే తప్పించుకోవడానికి సిఫార్సులు వెతక్కండి. ఒక మాట గుర్తుంచుకోండి. నిద్రపోతున్న మనిషిని టార్చి మొహాన కొట్టి లేపకండి. కాళ్ళ వైపు వెయ్యండి. రోజూ పొమ్మని లేపేవాళ్ళే వస్తారు వాళ్ళ దగ్గరికి. మీరు అందుకు రాలేదని తెలిసేదాకా రెండు నిమిషాలు ఆగండి.

చివరిగా ఒకటి. ఇది పూర్తిగా మన ప్రాంతం సంగతి. 2011 ఫారంలో వలసకు కారణాలు ఇవి: పని, వ్యాపారం, చదువు, పెళ్ళి, పుట్టిన తర్వాత రావడం, కుటుంబంతో రావడం, ఇతరాలు. ముంపు అనే గడి లేదు. నీళ్ళొచ్చి వెళ్ళిపోయినవాళ్ళంతా ఇతరాలే. ఆ గడిని మనం మార్చలేం. కానీ పుట్టిన ఊరు అనే ప్రశ్న ఉంటుంది. మీరు అడిగితే పెద్దవాళ్ళు ముంపులో పోయిన ఊరి పేరు చెబుతారు. ఆ పేరు మీరు వినుండరు. మీ ఫోనులోనూ కనబడకపోవచ్చు. అప్పుడు పక్క ఊరి పేరు వేసి పని ముగిద్దామనిపిస్తుంది, ఎండలో తిరిగి అలసిపోయి ఉంటారు కాబట్టి. అలా చెయ్యకండి. అది ఏ మండలంలో ఉండేది, ఇప్పుడు ఏ జిల్లా కిందికి వస్తుంది అని అడిగి, పర్యవేక్షకుడికి ఫోను చేసి, ఎలా ఎక్కించాలో కనుక్కుని ఆ పేరే ఎక్కించండి. పెద్దాయన రెండుసార్లు చెబుతాడు, అక్షరాలు విడమరిచి చెబుతాడు, ఆ ఊరి కథ కూడా చెబుతాడు, మీకు టైమవుతుంది. వినండి. మజ్జిగిస్తే తాగండి.

నాకు తెలిసింది ఇంతే. ఆ కిటికీ పక్కన టీచరమ్మ ఎప్పటి నుంచో చెయ్యెత్తి ఉన్నారు. 23వ సెక్షన్ గురించే అనుకుంటాను. చెప్పండమ్మా.